వూకామర్స్ బిల్లింగ్ ప్లగిన్‌లో ఎంపీడీఎఫ్, అమెజాన్ ఎస్‌డీకే కలిపి పెట్టొచ్చా? లైసెన్సులు కుదురుతాయా?

కొత్తపట్నం_కీబోర్డు, ఒంగోలు

వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటుని ఆన్‌లైన్ షాపుగా మార్చే ప్లగిన్) మీద నడిచే బిల్లింగ్ ప్లగిన్ ఒకటి వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల డైరెక్టరీకి పంపే ముందు లైసెన్సుల సంగతి తేల్చుకోవాలి. ఆర్డర్ పూర్తవగానే తెలుగులో బిల్లు పీడీఎఫ్‌గా తయారై కొన్నవాళ్ల మెయిల్‌కి వెళ్తుంది. రాత్రికి ఆ రోజు బిల్లులన్నీ అమెజాన్ ఆన్‌లైన్ స్టోరేజీ ఎస్3లోకి బ్యాకప్ అవుతాయి. వాడేది నెల్లూరు బియ్యం కొట్లు, ఒంగోలు బట్టల షాపులు. బిల్లు తెలుగులోనే ఉండాలి, ఒత్తులు విరగకూడదు.

జిప్‌లో ఉన్న సరుకు ఇదీ. పీడీఎఫ్ తయారీకి ఎంపీడీఎఫ్ అనే లైబ్రరీ. బ్యాకప్‌కి అమెజాన్ వాళ్ల పీహెచ్‌పీ ఎస్‌డీకే, అంటే వాళ్ల సేవలు వాడుకోవడానికి ఇచ్చే కోడ్. గ్రాఫులకి చార్ట్ జేఎస్, ఆర్డర్ కార్డులు సర్దడానికి ఐసోటోప్. సైజు తగ్గించిన తెలుగు ఫాంటు ఒకటి. సీసీ బై-ఎన్‌సీ (క్రియేటివ్ కామన్స్, వ్యాపారేతర వాడకానికి) అని రాసున్న ఐకాన్లు ఓ పన్నెండు. అంకెల మొత్తాన్ని అక్షరాల్లో రాసే ఫంక్షన్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2016లో ఎవరో పెట్టిన జవాబు నుంచి తీసుకున్నది. ప్లగిన్ హెడర్‌లో ‘జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆపై’ (మార్చి పంచితే అదే లైసెన్సుతో, సోర్సుతో సహా ఇవ్వాలనే లైసెన్సు) అని ఉంది.

అన్నీ ఓపెన్ సోర్సే కదా, కలిపి పంచితే ఇబ్బంది ఏంది? ఉచిత వెర్షన్ డైరెక్టరీలో పెట్టి ప్రో వెర్షన్ డబ్బుకి అమ్మొచ్చా? ఇంకొకటి: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే క్లయింటు ఒకరు దీన్నే తమకు తగ్గట్టు మార్చి ఇవ్వమంటున్నారు. ‘హక్కులన్నీ మావే, కోడ్ ఇంకెవరికీ ఇవ్వకూడదు’ అని అగ్రిమెంటులో రాయమంటున్నారు. అలా రాసి సంతకం పెట్టొచ్చా?

పెన్నా_గట్టు, నెల్లూరు

అన్నా, ‘అన్నీ ఓపెన్ సోర్సే కదా’ అన్న చోటే చిక్కు పడుతుంది. విడివిడిగా వాడుకున్నంతసేపు ఏ లైసెన్సుతోనూ పేచీ లేదు. ఒకే జిప్‌లో పెట్టి పంచేటప్పుడు మాత్రం ఒకదాని షరతులు ఇంకోదానికి సమ్మతం కావాలి.

ముందు ప్లగిన్ ఫోల్డర్‌లో కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే టూలు) ఇచ్చే ‘కంపోజర్ లైసెన్సెస్’ కమాండ్‌ని నో-డెవ్ ఆప్షన్‌తో కొట్టండి. టెస్టింగ్‌కి వాడే ప్యాకేజీలు జిప్‌లో వెళ్లవు కాబట్టి వాటి లైసెన్సుతో పని లేదు. వచ్చిన పట్టికలో ఎంపీడీఎఫ్ ఎదురుగా ‘జీపీఎల్-2.0-ఓన్లీ’ అని కనిపిస్తుంది. ఆ ‘ఓన్లీ’ని చాలామంది చూడకుండా దాటేస్తారు. 1991 నాటి వెర్షన్ 2 కింద తప్ప దాన్ని పంచే వీల్లేదని దానర్థం. అమెజాన్ ఎస్‌డీకే ఎదురుగా ‘అపాచీ-2.0’ ఉంటుంది. ఈ లైసెన్సు 2004లో వచ్చింది. ఇందులో పేటెంటు షరతు ఒకటి ఉంది: ఈ సాఫ్ట్‌వేర్ తన పేటెంటును ఉల్లంఘిస్తోందని ఎవరైనా దావా వేస్తే, దీని ద్వారా వాళ్లకు దక్కిన పేటెంటు అనుమతులు ఆ రోజుతో రద్దు. జీపీఎల్ 2లో ఆ షరతు లేదు. తనలో లేని ఆంక్ష ఏదీ పైనుంచి తగిలించకూడదని దాని 6వ సెక్షన్ గట్టిగా చెబుతుంది. అందుకే ఈ రెండూ ఒకే ప్రోగ్రాంలో ఇమడవని, జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్లు ముందు నుంచీ అంటున్నారు. 2007లో వచ్చిన జీపీఎల్ 3 ఈ షరతుకు చోటిచ్చింది.

వర్డ్‌ప్రెస్ ‘2 లేదా ఆపై’ కాబట్టి ఎటైనా ఒదుగుతుంది. వర్డ్‌ప్రెస్, ఎంపీడీఎఫ్ కలిస్తే మొత్తం వెర్షన్ 2 కింద వెళ్తుంది. వర్డ్‌ప్రెస్, అమెజాన్ ఎస్‌డీకే కలిస్తే వెర్షన్ 3 కింద వెళ్తుంది. మూడూ కలిస్తే అపాచీ మిమ్మల్ని 3 వైపు లాగుతుంది, ఎంపీడీఎఫ్ 2 దగ్గరే కట్టేస్తుంది. రెండింటికీ సరిపోయే వెర్షన్ అంటూ ఏదీ ఉండదు.

తేలిక దారి ఎస్‌డీకే తీసేయడం. ఎస్3లోకి ఫైలు ఎక్కించడానికి అసింక్ ఏడబ్ల్యూఎస్ వాళ్ల ఎస్3 ప్యాకేజీ ఉంది, అది ఎంఐటీ లైసెన్సు, కాపీరైటు నోటు ఉంచితే చాలనే సులువైన లైసెన్సు. ఎంఐటీ జీపీఎల్ 2తోనూ 3తోనూ కలుస్తుంది. జిప్ బరువు కూడా బాగా తగ్గుతుంది.

కావలి_పీహెచ్‌పీ, కావలి

పెన్నా గట్టు గారు చెప్పింది సరైనదే గానీ ఎస్‌డీకే ఒక్కటి తీసేస్తే పని అయిపోదు. వూకామర్స్ లైసెన్సు ఫైలు తెరిచి చూడండి, అది జీపీఎల్ 3. ఈ ప్లగిన్ వూకామర్స్ మెయిల్ క్లాసుని, సెట్టింగుల క్లాసుని ఎక్స్‌టెండ్ చేసే (వాటి కోడ్ మీదే తన కోడ్ కట్టే) ఉంటుంది కదా, లేకపోతే బిల్లు మెయిల్‌కి ఎలా అతుక్కుంటుంది? ఒకదాని ఫంక్షన్లు ఒకటి పిలుచుకుంటూ, ఒకే డేటాని పంచుకుంటూ నడిచే ప్లగిన్‌ని, దాని మూల ప్రోగ్రాంని కలిపి ఒకే ప్రోగ్రాంగా చూడాలన్నది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లెక్క. ఆ లెక్కన ఒకవైపు జీపీఎల్ 3 వూకామర్స్, ఇంకోవైపు ‘2 మాత్రమే’ ఎంపీడీఎఫ్. అమెజాన్ ఊసే లేకపోయినా ఇక్కడ పొసగదు.

దీనికి తోడు ఐసోటోప్. అది జీపీఎల్ 3, లేదా డబ్బు కట్టి కొనే కమర్షియల్ లైసెన్సు. అదీ 3 వైపే లాగుతుంది. దాన్ని వదిలించుకోవడం సులువు: కార్డులు సర్దడమే పనైతే మేసన్రీ చాలు, అది ఎంఐటీ. ఇప్పటి బ్రౌజర్లలో అయితే సీఎస్ఎస్ గ్రిడ్‌తోనే అయిపోతుంది.

నా అభిప్రాయం ఏంటంటే, ప్లగిన్ మొత్తాన్ని ‘జీపీఎల్ 3 లేదా ఆపై’కి మార్చేయండి. డైరెక్టరీ వాళ్లు ‘2 లేదా ఆపై’ అయితే మేలని సలహా ఇస్తారు, అయినా జీపీఎల్‌తో కుదిరే ఏ లైసెన్సునైనా తీసుకుంటారు. అప్పుడు వూకామర్స్, ఐసోటోప్, అమెజాన్ ఎస్‌డీకే మూడూ ఒక గొడుగు కిందికి వస్తాయి. బయట మిగిలేది ఎంపీడీఎఫ్ ఒక్కటే.

ఇంకో మాట. వేరే లైబ్రరీలు చూసేటప్పుడు లైసెన్సు ఫైల్లో జీపీఎల్ 2 పూర్తి పాఠం ఉన్నంత మాత్రాన అది ‘ఓన్లీ’ అనుకోవద్దు, ‘ఆపై’ అనీ అనుకోవద్దు. ఆ పాఠం రెండింటికీ ఒకటే. కోడ్ ఫైళ్ల తలకట్టులో ఏం రాశారో, కంపోజర్ ఫైల్లో ఏం రాశారో చూడాలి. ఎక్కడా వెర్షన్ అంకె చెప్పకుండా ఉత్త ‘జీపీఎల్’ అని ఉంటే, 9వ సెక్షన్ ప్రకారం ఏ వెర్షన్ అయినా మనం ఎంచుకోవచ్చు.

కొత్తపట్నం_కీబోర్డు, ఒంగోలు

వూకామర్స్ మెయిల్ క్లాసుని ఎక్స్‌టెండ్ చేసిన మాట నిజమే. ఎంపీడీఎఫ్ తీసేస్తే మాత్రం తెలుగు పోతుంది. డోమ్‌పీడీఎఫ్‌లో పెట్టి చూస్తే ‘నెల్లూరు’లో ల కింద ఉండాల్సిన లావత్తు విడిపోయి, మధ్యలో పొల్లు పడి ‘నెల్‌లూరు’ అని వస్తోంది. ‘బియ్యం’ కాస్తా ‘బియ్‌యం’ అవుతోంది. టీసీపీడీఎఫ్‌లోనూ అదే కథ. పీహెచ్‌పీ స్కోపర్‌తో ఎంపీడీఎఫ్ క్లాసుల పేర్లన్నీ మార్చేస్తే, లేదా పీడీఎఫ్ భాగాన్ని రెండో ప్లగిన్‌గా విడదీస్తే కుదరదా?

కావలి_పీహెచ్‌పీ, కావలి

స్కోపర్ నేమ్‌స్పేస్‌కి ముందు ఇంకో పేరు తగిలిస్తుంది, అంతే. రెండు ప్లగిన్లు ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు తెచ్చుకున్నప్పుడు కొట్టుకోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. లైసెన్సు ఏమీ మారదు. రెండో ప్లగిన్‌గా విడదీసినా వర్డ్‌ప్రెస్ రెండింటినీ ఒకే పీహెచ్‌పీ ప్రాసెస్‌లో లోడ్ చేసి నడుపుతుంది. ఫోల్డర్లు రెండైనా నడిచేది ఒక్క ప్రోగ్రామే.

మీరు చెప్పిన డోమ్‌పీడీఎఫ్, టీసీపీడీఎఫ్ రెండూ ఎల్‌జీపీఎల్, అంటే జీపీఎల్ కన్నా సడలింపున్న లైసెన్సు. లైసెన్సుపరంగా ఏ చిక్కూ లేదు. అక్షరాలను ఒత్తులతో కలిపి రూపం కట్టే పని వాటికి రాదు కాబట్టి తెలుగు దగ్గర ఆగిపోతాయి. ఎంపీడీఎఫ్‌లో ఆ పని ఉంది, అదీ అడిగితేనే చేస్తుంది. ఫాంట్ డేటాలో ఆ ఫాంటు ఎదురుగా యూజ్ ఓటీఎల్ (అక్షరాల రూపం కట్టే సెట్టింగు) విలువ 255 ఇవ్వకపోతే ఇందులోనూ ఒత్తులు విరుగుతాయి.

కాబట్టి రెండు దారులు. మొదటిది నాకు బాగా నచ్చేది: పీడీఎఫ్‌ని సర్వర్‌లో తయారు చేయడమే మానేయండి. బిల్లుకి ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ, దానికి ప్రింట్ సీఎస్ఎస్, పేజీ సైజు ఏ4 లేదా ఏ5, ఒక ప్రింట్ బటన్. బ్రౌజర్‌కి తెలుగు బాగా వచ్చు, ‘పీడీఎఫ్‌గా సేవ్’ అందులోనే ఉంది. లైబ్రరీ లేదు కాబట్టి లైసెన్సు తగువూ లేదు. మెయిల్‌లో పీడీఎఫ్ బదులు ఆ పేజీ లింకు వెళ్తుంది. లింకులో ఉత్త ఆర్డర్ నంబర్ పెట్టారంటే ఎవరైనా అంకె మార్చి పక్కవాళ్ల బిల్లు చూసేస్తారు, కాబట్టి వూకామర్స్ ఆర్డర్ కీ కూడా ఉండాలి, సర్వర్‌లో అది సరిచూడాలి. బ్యాకప్‌కి ఆ హెచ్‌టీఎంఎల్‌నే ఎక్కించొచ్చు.

పీడీఎఫ్ అటాచ్‌మెంటు ఉండి తీరాలంటే రెండో దారి. ఎంపీడీఎఫ్‌ని వర్డ్‌ప్రెస్‌కి బయట, వేరే సబ్‌డొమైన్‌లో, చిన్న స్వతంత్ర ప్రోగ్రాంగా పెట్టండి. ప్లగిన్ ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్టులో బిల్లు వివరాలు జేసన్‌గా (డేటా పంపే ఒక పాఠ్య రూపం) పంపుతుంది, అది పీడీఎఫ్ తిరిగి ఇస్తుంది. పైపులు, సాకెట్లు, కమాండ్ లైన్ ద్వారా మాట్లాడుకునేవి మామూలుగా వేర్వేరు ప్రోగ్రాంలే అని ఫౌండేషన్ వాళ్లూ ఒప్పుకుంటారు. దానికి దాని సొంత జిప్, సొంత లైసెన్సు ఫైలు, ‘జీపీఎల్ 2 మాత్రమే’. డైరెక్టరీకి పంపే జిప్‌లో దాన్ని పెట్టకండి.

ఇక్కడ ఒక్క లైనుతో కట్టినదంతా కూలిపోతుంది. డేటాబేస్ నుంచి ఆర్డర్ తెచ్చుకోవడం సులువని ఆ ప్రోగ్రాంలో వర్డ్‌ప్రెస్ లోడ్ ఫైలుని రిక్వైర్ చేస్తే, యాక్టివ్‌గా ఉన్న ప్లగిన్లన్నీ, వాటితో వూకామర్స్ కూడా, అదే ప్రాసెస్‌లోకి వచ్చేస్తాయి. మళ్లీ 2, 3 ఒకచోట చేరాయి. కావాల్సిన ప్రతి అంకె జేసన్‌లోనే రావాలి. రెండు వైపులా ఒక రహస్య కీ పెట్టి, రిక్వెస్టు మీద హాష్ సంతకం సరిచూసుకోండి, లేదంటే దారినపోయే వాళ్లంతా మీ సర్వర్‌లో పీడీఎఫ్‌లు చేసుకుంటారు. ఎంపీడీఎఫ్ టెంప్ ఫోల్డర్‌కి రాసే అనుమతి ఇవ్వడం మరవొద్దు.

గుణింతం, సింగరాయకొండ

కోడ్ గురించి పెద్దలు చెప్పారు. డైరెక్టరీ నియమం జిప్‌లో ఉన్న ప్రతి దానికీ వర్తిస్తుంది, బొమ్మలూ ఫాంట్లూ సహా. అవి చూద్దాం.

సీసీ బై-ఎన్‌సీ ఐకాన్లు ఈ రోజే తీసేయండి. ‘వ్యాపారానికి వాడకూడదు’ అనే షరతు జీపీఎల్‌తో ఎప్పటికీ పొసగదు, ఎందుకంటే జీపీఎల్ అమ్ముకునే హక్కు కూడా ఇస్తుంది. మీ ప్లగిన్ వాడేదే కొట్లవాళ్లు! వర్డ్‌ప్రెస్‌తోనే వచ్చే డాషికాన్స్ వాడితే అసలు ఏదీ బండిల్ చేయక్కర్లేదు. ఫాంట్ ఆసమ్ ఉచిత వెర్షన్ అయినా సరే: ఐకాన్లు సీసీ బై 4.0, ఫాంట్ ఫైళ్లు ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్), కోడ్ ఎంఐటీ. బ్యానర్‌లో అన్‌స్ప్లాష్ ఫొటో ఉంటే అదీ మార్చండి. 2017లో వాళ్లు సీసీ0 (ఏ షరతూ లేనిది) వదిలి సొంత లైసెన్సు పెట్టుకున్నారు, దాంట్లో అదనపు ఆంక్షలున్నాయి.

తెలుగు ఫాంటు దగ్గర కాస్త ఆగాలి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఓఎఫ్ఎల్ 1.1 కింద వస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో కలిపి పంచొచ్చు, అమ్మొచ్చు. ఫాంటు ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. ఓఎఫ్ఎల్ ఫైల్లో కాపీరైటు లైను చదవండి. ‘రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్’ అని రాసి పక్కన పేరు ఉంటే, మార్చిన ఫాంటుకి ఆ పేరు వాడకూడదు. సైజు తగ్గించడానికి అక్షరాలు కోసేయడం మార్పు కిందికే వస్తుంది. కాబట్టి కోసిన ఫైలుకి లోపలి నేమ్ టేబుల్‌తో సహా పేరు మార్చాలి, లేదంటే కోయకుండా పూర్తి ఫాంటే పెట్టాలి. నేనైతే కోయొద్దనే అంటాను. అఆలు, గుణింతాల యూనికోడ్ అంకెలు మాత్రమే ఉంచి కోస్తే, యూనికోడ్ అంకె లేని ఒత్తుల రూపాలు, వాటిని పిలిచే జీఎస్‌యూబీ టేబుల్ పోతాయి. అప్పుడు బ్రౌజర్ అయినా, ఎంపీడీఎఫ్ అయినా ‘చీమకుర్తి’ని ‘చీమకుర్‌తి’ అనే చూపిస్తుంది. తప్పు లైబ్రరీదని వెతుక్కుంటూ కూర్చుంటారు.

స్టాక్ ఓవర్‌ఫ్లో ఫంక్షన్ సంగతి. అక్కడ 2011 ఏప్రిల్ నుంచి 2018 మే మొదటి వరకు పెట్టినవి సీసీ బై-ఎస్‌ఏ (పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచాలి) 3.0, ఆ తర్వాతవి 4.0. 4.0ని జీపీఎల్ 3లోకి తీసుకోవచ్చు, 2015లో క్రియేటివ్ కామన్స్ ఆ దారి తెరిచింది. వెనక్కి తీసుకెళ్లే దారి లేదు. 3.0కి నేరుగా ఆ దారి లేదు. మీది 2016 జవాబు కాబట్టి 3.0. అదీకాక ఇంగ్లిషు పద్ధతిలో మిలియన్లు లెక్కపెట్టే ఫంక్షన్ మనకెందుకు? వేలు, లక్షలు, కోట్లు అని మీరే రాసేస్తే ముప్పై నలభై లైన్లలో అయిపోతుంది.

చివరిగా జావాస్క్రిప్టు. చార్ట్ జేఎస్ ఎంఐటీ, ఒక్కటే షరతు: కాపీరైటు నోటు ఉండాలి. మినిఫై చేసే టూలు కామెంట్లన్నీ ఊడ్చేస్తే ఆ నోటు కూడా పోతుంది. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే కామెంట్లను ఉంచే సెట్టింగు పెట్టుకోండి. వెండర్ ఫోల్డర్ బరువు తగ్గించాలని లైసెన్సు, నోటీస్ ఫైళ్లు తీసేసే బిల్డ్ స్క్రిప్టులు చాలా చూస్తుంటాం. ఎంఐటీకి, అపాచీకి అది నేరుగా ఉల్లంఘనే. మీరు సొంతంగా మినిఫై చేసిన ఫైళ్లకి చదవగలిగే సోర్సు జిప్‌లో ఉండాలి, లేదా ఎక్కడ దొరుకుతుందో రీడ్‌మీలో రాయాలి.

మూలపేట_కాగితాలు, నెల్లూరు

అమ్మకం, అగ్రిమెంటు గురించి.

జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌కి ఎంత ధర అయినా పెట్టొచ్చు. కొన్నవాళ్లు దాన్ని ఇంకొకరికి ఇవ్వకుండా ఆపలేరు, అంతే. అందుకే ప్రో వెర్షన్‌లో మీరు అమ్మేది నిజానికి అప్‌డేట్లు, సపోర్టు. ఏడాది కీ ముగిస్తే అప్‌డేట్లు ఆగొచ్చు. డైరెక్టరీలో పెట్టే ఉచిత వెర్షన్‌లో మాత్రం కోడ్ లోపల ఉండి డబ్బు కడితే తెరుచుకునే ఫీచర్లు ఉండకూడదు, అది వాళ్ల నియమం. ప్రో కోడ్ మొత్తం వేరే ప్లగిన్‌లో ఉండాలి, అది మీ సైట్ నుంచి వెళ్లాలి.

చీమకుర్తి క్లయింటు అడిగినదాంట్లో రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీసి మాట్లాడండి. ‘మాకు చేసిన మార్పులు ఇంకెవరికీ ఇవ్వకండి’ అనేది మీరు ఒప్పుకోవచ్చు. క్లయింటు కోసం రాసిన మార్పులను వాళ్లు సరేననే దాకా బయటపెట్టనని మాటివ్వడం జీపీఎల్‌కి విరుద్ధం కాదు. క్లయింటు తన సర్వర్‌లో వాడుకుంటే ఎవరికీ సోర్సు ఇవ్వాల్సిన పని కూడా లేదు. ఏజీపీఎల్ కోడ్ ఏదైనా కలిస్తే మాత్రం లెక్క మారుతుంది, సైటులో దాన్ని వాడుకునే వాళ్లకీ సోర్సు చూపాలి.

‘హక్కులన్నీ మావే’ అన్నది అలాగే రాస్తే చెల్లదు. వర్డ్‌ప్రెస్, వూకామర్స్, లైబ్రరీల హక్కులు మీవి కావు, మీరు రాసివ్వలేరు. మీరు ఇవ్వగలిగింది మీరు రాసిన భాగమే. మూల ప్లగిన్‌ని కూడా రాసిచ్చేస్తే రేపు ప్రో వెర్షన్ అమ్మడం దగ్గర చిక్కుపడతారు. కాబట్టి వాళ్ల మార్పుల్ని వేరే యాడ్-ఆన్ ఫోల్డర్‌గా పెట్టి, అగ్రిమెంటులో ఆ యాడ్-ఆన్ పేరు, వెర్షన్ చెప్పి, ‘మూల ప్లగిన్ ఇందులో చేరదు, అది జీపీఎల్ 3 కింద ఇవ్వబడింది’ అని రాయండి.

1957 కాపీరైటు చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందే లెక్క. జీతానికి పనిచేసే ఉద్యోగి రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు 17వ సెక్షన్ ప్రకారం యజమానిది. కాంట్రాక్టు మీద బయట నుంచి రాసినవాళ్ల కోడ్ రాసినవాళ్లదే, డబ్బు తీసుకున్నా సరే, రాతపూర్వకంగా బదిలీ చేసేవరకు. ఆ బదిలీకి 19వ సెక్షన్ షరతులున్నాయి. సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోగా హక్కుని వాడుకోకపోతే బదిలీ రద్దయిపోతుంది, వేరేగా రాసుకుంటే తప్ప. ఎగుమతి వ్యాపారం చేసేవాళ్లకి ‘ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం’ అన్న మాటలు ఉండటం వాళ్లకే మేలు, అది మీరే చెబితే నమ్మకం కూడా కుదురుతుంది.

కొత్తపట్నం_కీబోర్డు, ఒంగోలు

అందరికీ చాలా థాంక్స్. ఉచిత వెర్షన్‌లో బ్రౌజర్ ప్రింట్ పేజీ, ప్రోలో విడి ఎంపీడీఎఫ్ సర్వీసు అనుకుంటున్నా. ఐసోటోప్, ఐకాన్లు, ఆ ఫంక్షన్ తీసేస్తున్నా. అమెజాన్ ఎస్‌డీకే బదులు ఎంఐటీ ప్యాకేజీ. అయితే ఇప్పుడు హెడర్‌లో ఏం రాయాలి?

కావలి_పీహెచ్‌పీ, కావలి

వూకామర్స్ క్లాసుని ఇంకా ఎక్స్‌టెండ్ చేస్తున్నారు కాబట్టి ‘జీపీఎల్ 3 లేదా ఆపై’. ఇది మూడు చోట్ల ఒకేలా ఉండాలి: ముఖ్య పీహెచ్‌పీ ఫైలు తలకట్టులో లైసెన్స్, లైసెన్స్ యూఆర్ఐ లైన్లు, రీడ్‌మీ టెక్స్ట్‌లో అవే రెండు లైన్లు, కంపోజర్ ఫైల్లో ‘జీపీఎల్-3.0-ఆర్-లేటర్’. ఒకచోట 2, ఒకచోట 3 ఉంటే రివ్యూలో వెనక్కి పంపే అవకాశం ఉంది. జీపీఎల్ 3 పూర్తి పాఠం లైసెన్సు ఫైలుగా రూట్ ఫోల్డర్‌లో పెట్టండి. రీడ్‌మీ చివర లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు, సోర్సు లింకు ఒక్కోదానికి ఒక్కో లైను. ఫాంటు పక్కన ఓఎఫ్ఎల్ ఫైలు అదే ఫోల్డర్‌లో.

ప్లగిన్ పేరు ‘వూకామర్స్’తో మొదలవకూడదు, అది వాళ్ల ట్రేడ్‌మార్కు. ‘తెలుగు బిల్లు ఫర్ వూకామర్స్’ లాగా వెనక పెట్టుకోండి. స్లగ్ (డైరెక్టరీ చిరునామాలో వచ్చే పేరు) ఒకసారి అప్రూవ్ అయితే మళ్లీ మార్చరు, పంపే ముందే సరిచూసుకోండి.